చెట్ల బెరడుపై నల్లని వ్రాతలు: గ్రాఫిస్ లైకెన్ల లక్షణములు, వర్గీకరణము

మామిడి, పనస, పోక, కొబ్బరి మొదలగు చెట్ల మ్రానుపై తెల్లగనో, బూడిద వన్నెగనో మచ్చలు పరచుకొనియుండుటను, ఆ మచ్చలపై సన్నని నల్లగీతలు వంకరటింకరగా ప్రాకియుండుటను చూడని రైతు ఉండడు. తాటాకుపై గంటముతో ఎవరో అక్షరములు గీచి, వానికి మసి పూసినట్లుగా అవి కనిపించును. కొందరు దీనిని పాచి యందురు. కొందరు బూజు తెగులందురు. చెట్టుకు బొల్లి వచ్చినదని దిగులుపడువారును కలరు. వర్షాకాలము ముగియునప్పటికి ఇట్టి బెరడు ముక్కలను సంచిలో వేసికొని కళాశాలకు వచ్చి, “దీనికి ఏ మందు కొట్టమందురు?” అని యడుగు రైతులు ప్రతి సంవత్సరము పలువురు కనబడుచుందురు.

ఆ ప్రశ్నకు జవాబు క్లుప్తముగా చెప్పవచ్చును: ఏ మందును అక్కరలేదు. కాని ఇంతమాత్రము చెప్పి పంపివేసినచో రైతునకు తృప్తి కలుగదు. కలుగవలసిన పని కూడ లేదు. చెట్టు తనది, కాపు తనది, నష్టము వచ్చినచో అదియు తనదే. కనుక తన తోటలో కనబడునది ఏమిటో, అది తెగులు ఎందుకు కాదో, దానిని పోలిన నిజమైన తెగుళ్లు ఏవో అతడు స్వయముగా గుర్తుపట్టగలుగుట మంచిది. ఈ వ్యాసము అందుకొరకే వ్రాయబడినది. నడుమ కొంత శాస్త్రచర్చ వచ్చును. రైతు సోదరులు దానికి వెనుదీయవలసిన పని లేదు. వరిలోను, మిరపలోను రకములను వేరుచేయు మనకు ఇది కొత్త విద్య కాదు.

లైకెన్ అనగా నేమి?

లైకెన్ ఒక మొక్క కాదు. రెండు జీవుల కాపురము. అందొకటి శిలీంధ్రము, అనగా బూజు జాతికి చెందినది. రెండవది నాచు. శిలీంధ్రము ఇల్లు కట్టును, నాచు వంట చేయును. శిలీంధ్రమునకు ఆకుపచ్చని పదార్థము లేదు గనుక ఎండనుండి ఆహారము తయారుచేసికొనలేదు. నాచునకు ఆ శక్తి కలదు గాని, ఎండకు ఎండిపోకుండ కాపాడుకొను సాధనము తక్కువ. కావున నాచు కణములు శిలీంధ్రపు పోగుల నడుమ తలదాచుకొని చక్కెరలు చేయుచుండును. శిలీంధ్రము వానిలో పెద్ద భాగమును తాను తీసికొని, నీడను, తేమను సమకూర్చుచుండును. 1867 ప్రాంతమున స్విట్జర్లాండునకు చెందిన సైమన్ ష్వెండెనర్ అను శాస్త్రజ్ఞుడు ఈ సంగతిని బయటపెట్టినప్పుడు నాటి లైకెన్ పండితులలో పెక్కురు ఒప్పుకొనలేదు. ఆయన శిలీంధ్రమును యజమానునితోను, నాచును బానిసలతోను పోల్చుట వారికి మరింత కష్టముగా తోచెను. మన కౌలు వ్యవహారములను చూచినవారికి ఆ పోలిక అంత వింతగా తోచదు.

వంటలో మసాలాకు వాడు రాతిపువ్వు అందరు ఎరిగినదే. అదియు లైకెనే. అయితే రాతిపువ్వు ఆకువలె విచ్చుకొని యుండును. చేతితో లాగిన ఊడివచ్చును. మరికొన్ని లైకెన్లు చిన్న గుబురులవలెను, గడ్డమువలెను కొమ్మలనుండి వ్రేలాడును. ఇవి చల్లని కొండప్రాంతములలో ఎక్కువ. మూడవ తెగ పెచ్చు లైకెన్లు. ఇవి గోడకు సున్నము అంటినట్లు బెరడును గాని రాతిని గాని పూర్తిగా అంటిపెట్టుకొని యుండును. అంటిన పదార్థము కూడ రాకుండ వీనిని ఊడదీయుట సాధ్యము కాదు. మనము చెప్పుకొనుచున్న గ్రాఫిస్ ఈ మూడవ తెగలోనిది.

గ్రాఫిస్ దేహము

గ్రీకు భాషలో వ్రాయుట అను అర్థముగల మాటనుండి గ్రాఫిస్ అను పేరు వచ్చినది. పేరు పెట్టినవారికి కూడ ఆ గీతలు అక్షరములుగనే తోచినవన్నమాట.

దీని దేహము కాగితము మందమున ఉండు పలుచని పెచ్చు. రంగు తెలుపు, బూడిద, లేదా లేత ఆకుపచ్చ కలిసిన బూడిద. కొన్నిటిలో పెచ్చు నునుపుగా ఉండును. కొన్నిటిలో సన్నగా పగిలి యుండును. దీనికి వేరులు లేవు. శిలీంధ్రపు పోగులు బెరడు పైభాగమునందలి చచ్చిన బెండు పొరలలో మాత్రమే అల్లుకొని యుండును. వాని క్రింద ఆహారము ప్రవహించు జీవపు పొరను అవి చేరవు. ఈ మాటను రైతు సోదరులు గుర్తుంచుకొనవలెను, ఏలయన ముందు చెప్పబోవు సలహాలన్నియు దీనిపైననే ఆధారపడి యున్నవి. దీనికి కావలసిన నీరు వాననుండియు మంచునుండియు, లవణములు గాలిలోని ధూళినుండియు లభించును. చెట్టు దీనికి నిలువనీడ మాత్రమే ఇచ్చుచున్నది.

చాకు మొనతో ఈ పెచ్చును కొంచెము గీచిచూడుడు. పైపొర తొలగగానే లోపల పసుపుపచ్చని లేదా నారింజ వన్నె గల చార కనిపించును. ఇది గ్రాఫిస్ లోని నాచు. దాని పేరు ట్రెంటెపోలియా. వర్గమునుబట్టి ఇది ఆకుపచ్చ నాచులలోనిదే అయినను, క్యారెట్ దుంపకు రంగునిచ్చు పదార్థము దీని కణములలో నిండియుండుటచేత నారింజ వన్నెగా కనిపించును. తేమ ఎక్కువగా గల ప్రాంతములలో పాత గోడలపైనను, కొబ్బరి మ్రాకులపైనను ఇటుకరంగు ముఖమలువలె కనబడునది ఈ నాచే. అక్కడ అది శిలీంధ్రముతో పని లేకుండ ఒంటరిగా బ్రతుకుచున్నది.

ఇక ఆ నల్లగీతలు. అవి లైకెన్ లోని శిలీంధ్రపు ఫలములు. సామాన్యముగా ఒకటి మొదలు ఐదు మిల్లీమీటర్ల వరకు పొడవును, వెండ్రుక మొదలు దారము వరకు వెడల్పును గలిగియుండును. కొన్ని సూటిగా, కొన్ని వంకరగా, కొన్ని జింక కొమ్మువలె చీలియుండును. పదింతలు పెద్దదిగా చూపు భూతద్దముతో చూచినచో, ప్రతి గీతయు రెండు నల్లని పెదవుల నడుమ ఒక సన్నని చీలికగా కనబడును. కాఫీ గింజ నడిమి గీతను తలచుకొనినచో పోలిక కుదురును. పెదవులు నల్లగా ఉండుటకు కారణము వాని గోడలు బొగ్గువలె గట్టిపడి యుండుటయే. చీలిక అడుగున తిత్తులును, ఒక్కొక్క తిత్తిలో సాధారణముగా ఎనిమిది బీజములును ఉండును. బీజము పొడవు చాల జాతులలో మిల్లీమీటరునందు ముప్పదవ వంతు ప్రాంతమున ఉండును గనుక కంటికి కనబడదు. తడిసినప్పుడు ఈ బీజములు పైకి ఎగజిమ్మబడి గాలిలో కొట్టుకొనిపోవును. పడినచోట తగిన నాచు దొరికినప్పుడే కొత్త లైకెన్ పుట్టును. దొరకనిచో ఆ బీజము వృథా.

పెచ్చు లైకెన్లు సాధారణముగా సంవత్సరమునకు కొలది మిల్లీమీటర్లకు మించి పెరుగవు. కనుక అరచేతి వెడల్పు మచ్చ కనబడినచో అది నిన్న మొన్నటిది కాదు. కొన్ని సంవత్సరములుగా అక్కడనే యున్నది. “ఈ యేడే వచ్చినదండీ” అని రైతు చెప్పినప్పుడు, ఈ యేడే కంటబడినదని మనము అర్థము చేసికొనవలెను.

వర్గీకరణపు కథ

స్వీడను దేశపు లిన్నేయస్ 1753లో మొక్కలకు రెండు మాటల పేర్లు పెట్టినప్పుడు లైకెన్లన్నిటిని ఒకే ప్రజాతిలో పడవేసెను. వ్రాతల లైకెన్ నకు ఆయన పెట్టిన పేరు లైకెన్ స్క్రిప్టస్. లైకెన్లపై ఆయనకు పెద్ద గౌరవము లేదు. వానిని వృక్షలోకములోని నిరుపేద పల్లెటూరివారని ఆయన అనినట్లు చెప్పుదురు. 1763లో ఫ్రాన్సు దేశపు అడాన్సన్ గ్రాఫిస్ అను ప్రజాతిని ఏర్పరచెను. లిన్నేయస్ శిష్యుడును, వృత్తిచేత వైద్యుడును అయిన ఎరిక్ అకేరియస్ లైకెన్లను శ్రద్ధతో విభజించి, 1809లో పై జాతికి గ్రాఫిస్ స్క్రిప్టా అను పేరు నిలిపెను. ఆ పేరే నేటికిని వాడుకలో నున్నది.

తరువాత సూక్ష్మదర్శిని వచ్చి బీజములను చూపెను. 1880-82 నడుమ స్విట్జర్లాండు పండితుడు మ్యూలర్ ఈ వ్రాతల లైకెన్లను బీజమునుబట్టి నాలుగు ప్రజాతులుగా పంచెను. బీజములో అడ్డుగోడలు మాత్రమే యుండి, తుమ్మకాయవలె వరుసగా గదులుండుట ఒక పద్ధతి. అడ్డుగోడలతోపాటు నిలువుగోడలును ఉండి, ఇటుకల కట్టుబడివలె కనబడుట రెండవ పద్ధతి. బీజమునకు రంగు లేకుండుట ఒకటి, గోధుమరంగు ఉండుట మరియొకటి. ఈ రెంటిని కలిపినచో నాలుగు గళ్లు వచ్చును. రంగులేని అడ్డుగోడల బీజముగలవి గ్రాఫిస్, రంగులేని ఇటుకకట్టు బీజముగలవి గ్రాఫినా, గోధుమరంగు అడ్డుగోడల బీజముగలవి ఫీయోగ్రాఫిస్, గోధుమరంగు ఇటుకకట్టు బీజముగలవి ఫీయోగ్రాఫినా. ఈ పద్ధతి నేర్చుకొనుటకు ఎంత సులభమనగా, నూరేండ్లకు పైగా ఎవ్వరును దీనిని కదలింపలేదు.

సులభమైనది సత్యము కావలెనని లేదు. వడ్లను గింజ పొడవు, పొట్టు రంగు అను రెండు గుణములనుబట్టి మాత్రమే విభజించితిమనుకొనుడు. నాలుగు కుప్పలు చక్కగా వచ్చును; కాని ఒకే తల్లిదండ్రుల సంతానము వేర్వేరు కుప్పలలో పడును, చుట్టరికము లేనివి ఒకే కుప్పలో చేరును. వ్రాతల లైకెన్ల విషయమున జరిగినది ఇదియే. 2002లో జర్మనీకి చెందిన బెట్టినా స్టైగర్ ఈ కుటుంబమును మొదటినుండి తిరిగి పరిశీలించి, బీజమొక్కటే చాలదని, గీత గోడ బొగ్గుబారియున్నదా లేదా, పెదవులు ఎట్లున్నవి, తిత్తుల నడుమ పోగులు ఎట్టివి అను సంగతులను కలిపి చూడవలెనని చూపెను. ఆ లెక్కను గ్రాఫినాలోని పలు జాతులు గ్రాఫిస్ లో కలిసినవి. పాత గ్రాఫిస్ లోని కొన్ని బయటకు పోయినవి. గీతలు వెడల్పుగా విచ్చుకొని తెల్లని పొడి చల్లినట్లుండు డయోరిగ్మా, గీతలు ఒక తెల్లని దిబ్బపై నక్షత్రమువలె గుంపుకట్టు సార్కోగ్రాఫా మొదలగునవి ఈ విధముగా వేరు గుర్తింపు పొందిన చుట్టములు. రైతు భూతద్దముతో చూచినను డయోరిగ్మాను గ్రాఫిస్ నుండి వేరుచేయగలడు, దాని పెదవులు నల్లగా నుండవు గనుక.

2009లో ప్రచురింపబడిన ప్రపంచ పట్టికలో గ్రాఫిస్ నకు 330 జాతులు లెక్కకు వచ్చినవి. తదుపరి వారసత్వ పదార్థమును, అనగా డి.ఎన్.ఏ.ను పరీక్షించి చూడగా, ఒకే ప్రజాతి అనుకొన్నది నిజమునకు రెండు శాఖలని తేలినది. దానిపై 2018లో లూకింగ్, కాల్బ్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు పెక్కు జాతులను తీసి ఆల్లోగ్రాఫా అను ప్రజాతిలో చేర్చిరి. ఆ పేరు కొత్తది కాదు, 1824 నాటిదే. మరుగునపడి యుండగా తిరిగి లేవదీసిరి. ఆల్లోగ్రాఫాలో గీతలు సాధారణముగా లావుగను, ఉబ్బెత్తుగను ఉండును. గ్రాఫిస్ స్క్రిప్టా సైతము ఒకే జాతి కాదని, ఐరోపాలో ఆ పేరుతో నాలుగు జాతులు కలిసియున్నవని 2011లో చూపబడినది. ఇన్నిమార్లు పేర్లు మారుటను చూచి విసుగు చెందువారు కలరు. నాకు మాత్రము ఇది మంచి లక్షణముగనే తోచుచున్నది. ఖాతా తప్పుగా నున్నదని తెలిసినప్పుడు తిరగవ్రాయు కరణము తిరగవ్రాయనివానికంటె మేలు.

మన దేశమున లైకెన్ శాస్త్రమునకు ఆద్యుడుగా ధరణీధర్ అవస్థిగారిని (1922-2011) చెప్పుకొందురు. లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థలో దేశపు లైకెన్ నమూనాలు పెద్దయెత్తున భద్రపరుపబడి యున్నవి. వ్రాతల లైకెన్ల కుటుంబముపై పూనాలోని అగార్కర్ పరిశోధన సంస్థలో విశేషముగా కృషి జరిగినది. ఉష్ణదేశములలోని పెచ్చు లైకెన్లలో ఈ కుటుంబమే మిక్కిలి పెద్దది.

జాతులను వేరుచేయు గుర్తులు

ప్రజాతి తెలిసిన తరువాత జాతిని తేల్చుటకు మొదట చూడవలసినది పెదవులు. కొన్నిటిలో పెదవి నునుపుగా ఒకే పొరగా నుండును. కొన్నిటిలో పెదవిపై నిలువుగా గాళ్లు పడి, పాత పుస్తకము అంచువలె పొరలుపొరలుగా కనబడును. ఏటేట కొత్త పొర లోపలినుండి పుట్టి పాతదానిని ప్రక్కకు నెట్టుటచేత ఇట్లగును. ఆల్లోగ్రాఫా స్ట్రియాటులా అను జాతికి ఆ పేరు ఈ గాళ్లనుబట్టియే వచ్చినది. రెండవది బొగ్గుబారిన భాగము ఎంత అనునది. గీతను బ్లేడుతో అడ్డముగా కోసి చూచినచో, కొన్నిటిలో ప్రక్కగోడలు మాత్రమే నల్లగా ఉండును, కొన్నిటిలో అడుగు కూడ నల్లబడి దోనెవలె నుండును. మూడవది గీత పెచ్చులో మునిగియున్నదా, పైకి లేచియున్నదా, దాని ప్రక్కలకు పెచ్చు ఎగబ్రాకినదా అనునది.

మిగిలినది రసాయన పరీక్ష. లైకెన్లు తమలో ప్రత్యేకమైన ఆమ్లములను తయారుచేసికొనును. పొటాషియం హైడ్రాక్సైడు ద్రవమును ఒక చుక్క వేసినచో, నార్‌స్టిక్టిక్ ఆమ్లము గల జాతులలో పెచ్చు మొదట పసుపు వన్నెకు తిరిగి, పిమ్మట ఎఱ్ఱబడును. సూక్ష్మదర్శినిలో సూదులవంటి ఎఱ్ఱని స్ఫటికములు కనబడును. గ్రాఫిస్ స్క్రిప్టాలో ఇట్టి ఆమ్లమేదియు లేదు గనుక రంగు మారదు. అయొడిన్ వేసినచో గ్రాఫిస్ బీజములు నీలి ఊదా రంగునకు తిరుగును. ఇవి ప్రయోగశాలలో చేయవలసిన పనులు. మొదట చెప్పిన ద్రవము చర్మమును కాల్చును గనుక ఇంటివద్ద ప్రయత్నింపరాదు.

చెట్టుకు హాని కలదా?

పైన చెప్పిన దేహలక్షణమునుబట్టియే దీనికి సమాధానము వచ్చుచున్నది. గ్రాఫిస్ చెట్టు రసమును పీల్చదు, ఆకులపై పరచుకొని ఎండను అడ్డగింపదు, కాయకు అంటదు. అయితే రైతు కంట బడునది వేరు దృశ్యము: బాగుగానున్న చెట్టుపై మచ్చలు తక్కువ, క్షీణించిన చెట్టుపై ఎక్కువ. కనుక మచ్చలే చెట్టును తినివేయుచున్నవని అతడు తలచును. నిజము దీనికి తలక్రిందులు. చెట్టు బలహీనపడినప్పుడు ఆకు పలుచబడి మ్రానుపైకి వెలుతురు దిగును. చెట్టు లావెక్కుట నిలిచిపోవుటచేత బెరడు పగిలి రాలుట తగ్గును. నిలుకడగల నేల, వెలుతురు, రెండును దొరికిన లైకెన్ తీరికగా వ్యాపించును. జామ, నీలగిరి చెట్లు ఏటేట బెరడును పెచ్చులుగా రాల్చుకొనును గనుక వాని మ్రానుపై ఇవి తక్కువ. పోక, పనస, మామిడి లేత కొమ్మలు నునుపైన, నిలకడగల బెరడు గలవి గనుక వానిపై ఎక్కువ.

ఉత్తరకోస్తాలో నేను చూచిన ఒక బంగినపల్లి తోట సంగతి చెప్పవలెను. ఇరువదియేండ్ల చెట్లు. వానిలో కొన్ని ఒక వైపు కొమ్మలు ఎండిపోవుచుండెను. మ్రానుపై తెల్లని మచ్చలు చూచి ఆ రైతు కొడవలితో బెరడు గీకించి, కిరసనాయిలు పూయించెను. తగ్గలేదు. మందుల దుకాణమువారు ఒకదాని తరువాత ఒకటిగా మూడు మందులు ఇచ్చిరి, మూడును కొట్టించెను. నల్లగీతలు అట్లే యుండుటచేత మందు పనిచేయలేదనుకొనెను. మందు పనిచేయక కాదు. ఆ గీతలు బొగ్గుబారిన గోడలు గనుక లైకెన్ చచ్చిన తరువాత కూడ చాలకాలము బెరడును అంటియే యుండును. చచ్చినదానిని చంపుటకు రెండవ మందు, మూడవ మందు కొనవలసివచ్చినది. మేము చెట్టు మొదలు వద్ద గడ్డి తొలగించి చూడగా, బెరడులో రంధ్రములును, వానిక్రింద రంపపు పొట్టువంటి పిప్పియు కనబడెను. అది కాండము తొలుచు పురుగు పని. రెండు సంవత్సరములు ఆ రైతు దృష్టియంతయు మ్రాను పైభాగమున మచ్చలమీద నిలిచియుండగా, పురుగు అడుగున తన పని తాను చేసికొనిపోయినది. ఎనిమిది చెట్లు పోయినవి. మిగిలినవానిలో రంధ్రములను ఇనుప తీగతో కెలికి, పెట్రోలులో తడిపిన దూది దూర్చి, బంకమట్టితో మూయించితిమి.

బెరడు గీకుటవలన కలుగు నష్టము అంతటితో ఆగదు. గాయముల ద్వారా బంక కారు తెగులు, కొమ్మ ఎండు తెగులు కలిగించు శిలీంధ్రములు లోపల ప్రవేశించును. కాండము తొలుచు పెంకుపురుగు గ్రుడ్లు పెట్టుటకు కోరుకొనునది కూడ పగిలిన, గాయపడిన బెరడునే.

పొరపాటు పడదగిన తెగుళ్లు

వీనిలో ముఖ్యమైనది ఎఱ్ఱ త్రుప్పు తెగులు, ఏలయన ఇది మన లైకెన్ కు దూరపు చుట్టము. దీనిని కలిగించునది శిలీంధ్రము కాదు, సెఫాల్యూరాస్ అను నాచు. గ్రాఫిస్ లోని ట్రెంటెపోలియా, ఇది ఒకే కుటుంబమునకు చెందినవి. ఒకటి లైకెన్ లో కాపురముండగా, రెండవది ఆకులో జొరబడి పరాన్నజీవిగా బ్రతుకుచున్నది. మామిడి, జామ, జీడిమామిడి, సపోట, తేయాకు చెట్ల ఆకులపై గుండ్రని, కొంచెము ఉబ్బెత్తుగా నుండు, త్రుప్పురంగు ముఖమలువంటి మచ్చలు పుట్టును. వ్రేలితో రుద్దినచో రంగు అంటును. బీజములు రాలిపోయిన తరువాత అదే మచ్చ బూడిద తెలుపుగా మారును, అప్పుడు లైకెన్ అని భ్రమ కలుగును.

ఇందొక చిక్కు కలదు. కొన్ని ఆకులపై ఈ నాచును ఒక శిలీంధ్రము వచ్చి కప్పి, స్ట్రిగులా అను నిజమైన లైకెన్ గా మార్చివేయును. ఆకుపై వెండిబిళ్లవలె మెరయు మచ్చలు, వానిపై నల్లని చుక్కలు ఉండిన అది స్ట్రిగులా. 1870-80 నడుమ కలకత్తాలో కన్నింగ్‌హామ్ అను వైద్యుడును, తరువాత సింహళములో కాఫీ తెగులును పరిశోధించుటకు వచ్చిన మార్షల్ వార్డ్ అను శాస్త్రజ్ఞుడును ఈ కలయికను వివరించిరి. ఇట్లు పెచ్చు లైకెన్ అయియు, అడుగున తెగులు నాచు ఉండుటచేత, స్ట్రిగులాను పూర్తిగా నిరపాయమని చెప్పుటకు వీలులేదు. బెరడుపై వ్రాతలు వేరు, ఆకుపై బిళ్లలు వేరు. ఈ భేదము మరువరాదు.

ఎఱ్ఱ త్రుప్పు ఎక్కువగా నున్నచో లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడు గాని, ఒక శాతము బోర్డో మిశ్రమము గాని పదునైదు దినముల ఎడముతో రెండుమార్లు ఆకులు తడియునట్లు చల్లవలెను. నీరు నిలిచిన తోటలలోను, ఎరువు వేయని తోటలలోను, కొమ్మలు ఒకదానిపై ఒకటి పడియున్న తోటలలోను ఈ తెగులు హెచ్చు. మురుగు తీసి, కొమ్మలు పలుచన చేసి, ఎరువు వేయనంతవరకు మందొక్కటే నిలుపలేదు.

రెండవది గులాబి తెగులు. ఇది వానలు హెచ్చుగా గలచోట కొమ్మల చీలికలవద్ద తెల్లని సాలెగూటివంటి పొరగా మొదలై, లేత గులాబి రంగు పెచ్చుగా మారును. దానిపై నల్లగీతలు ఉండవు. ఆ చోటికి పైనున్న కొమ్మ యంతయు వాడిపోవును. తెగులు సోకిన భాగమునకు దిగువగా కొమ్మను కోసి కాల్చివేసి, కోసినచోట బోర్డో ముద్ద పూయవలెను. ముద్దకు మైలుతుత్తము 1 కిలో, సున్నము 1 కిలో, నీరు 10 లీటర్లు సరిపోవును.

పొలుసు పురుగులను గోటితో గీకిన ఒక్కొక్క పొలుసుగా ఊడివచ్చును, నలిపిన తడి అంటును. నల్లని మసి తెగులు తడిగుడ్డతో తుడిచిన పోవును. దానికి మూలము తేనెమంచు పురుగు విసర్జించు తీయని జిగురు. లైకెన్ ఊడదు, తుడువబడదు, చాకుతో గీచిన లోపల పసుపు లేదా నారింజ చార చూపును. ఈ ఒక్క పరీక్ష తోటలో నిలుచుండి అర నిమిషములో చేయవచ్చును.

లైకెన్లకు రాగి మందులు పడవు. ఇతర తెగుళ్లకై బోర్డో మిశ్రమము చల్లిన తోటలలో ఇవి తగ్గిపోవుట చూచుచున్నాము. అది అనుకోకుండ జరుగునది. లైకెన్ కొరకే మందు కొనుట డబ్బు పారవేయుట. ఇవి పొగను కూడ సహింపవు. 1866లోనే నైలాండర్ అను పండితుడు పారిస్ నగరపు లక్సెంబర్గు తోటలో లైకెన్లు ఉన్నవని, నగరములో అన్యత్ర లేవని గమనించి, గాలి శుభ్రతకు ఇవి కొలబద్దలు కాగలవని వ్రాసెను. బొగ్గు పొగలోని గంధకపు వాయువు వీనికి విషము. ఇటుక బట్టీల ప్రక్కనున్న తోటలో చెట్ల మ్రానులు తెల్లమచ్చలు లేకుండ శుభ్రముగా నున్నవని సంతోషించుటకు ముందు, గాలి ఎటువైపునుండి వీచుచున్నదో చూచుకొనుట మేలు. నత్రజని విషయమున మాత్రము గ్రాఫిస్ నుండి లాభము ఆశింపరాదు. గాలిలోని నత్రజనిని పట్టగల లైకెన్లు వేరే కలవు, వానిలోని నాచు నీలి ఆకుపచ్చ జాతిది.

ఇంతగా చూచినను అనుమానము తీరనిచో, సమీపమునందలి కృషి విజ్ఞాన కేంద్రమునకు గాని, వ్యవసాయ కళాశాలకు గాని నమూనా తీసికొనిపోవచ్చును. అందుకు జీవముగల బెరడును కోయవలదు. ఎండిన కొమ్మనుండి మచ్చగల ముక్కను రెండు మూడు అంగుళముల పొడవున కోసి, నీడన ఆరబెట్టి, వార్తాపత్రికలో చుట్టవలెను. ప్లాస్టిక్ సంచిలో పెట్టినచో చెమరించి బూజు పట్టును, దానిని చూచి మేము కూడ తికమకపడుదుము. కాగితముపై చెట్టు పేరు, వయస్సు, మచ్చ మ్రానుపై ఎంత ఎత్తున ఉన్నది, ఏ దిక్కునకు ఉన్నది, గడచిన సంవత్సరము ఏయే మందులు కొట్టినది వ్రాయవలెను. చెట్టు ఎండిపోవుచున్నచో మొదలు వద్ద రంధ్రములు, పిప్పి, బంక ఉన్నవో లేవో చూచి, ఆ సంగతి కూడ తప్పక చేర్చవలెను.